జిరా టాస్కులు: చేత్తో మార్చాలా, ఏజెంటుకు చెప్పాలా?

జిరా అంటే జట్టు పనులను కార్డులుగా బోర్డు మీద చూపే సాఫ్ట్‌వేర్. అందులో మార్చాల్సినవి ఒకటి రెండు టాస్కులే అయితే చర్చ అనవసరం. బోర్డు తెరిచి కార్డును ‘డన్’ గడిలోకి లాగేయడమే నయం. ఏజెంటుకు, అంటే చెప్పిన పని మన బదులు చేసే ఏఐకి, వాక్యం టైపు చేసేలోపు ఆ పని అయిపోతుంది.

పదీ పదిహేను టాస్కులుంటే లెక్క మారుతుంది. 2024 నవంబరులో ఏఐ సంస్థ ఆంత్రోపిక్ ప్రకటించిన ఎంసీపీ (ఏఐని బయటి సాధనాలకు కలిపే ఉమ్మడి పద్ధతి) ప్రమాణం పుణ్యమా అని ఏజెంట్లకు జిరా లాంటి సాధనాలను జతచేయడం తేలికైంది. "నా పేరిట మిగిలిన లాగిన్ బగ్గుల గడువు శుక్రవారానికి జరుపు, ఒక్కోదానికీ కారణం రాయి" అంటే, జిరా వెతుకులాట భాష జేక్యూఎల్‌తో వెతికి ఆ పని చేసిపెడుతుంది. మూకుమ్మడి మార్పు జిరాలోనూ ఉంది కానీ, ఒక్కో టాస్కుకు వేరే వ్యాఖ్య రాయడం దానివల్ల కాదు.

అసలు చిక్కు టాస్కు ఏ దశలో ఉందో చెప్పే స్టేటస్‌తోనే. జిరాలో అది నేరుగా దిద్దే గడి కాదు, వర్క్‌ఫ్లో (జట్టు పెట్టుకున్న దశల క్రమం) ఒప్పుకున్న ట్రాన్సిషన్ (ఒక దశ నుంచి మరో దశకు మార్పు) ద్వారానే మారాలి. ‘రివ్యూ’ దాటనిదే ‘డన్’కు దారి లేదనుకోండి. బోర్డు మీద కార్డు అక్కడికి వెళ్లదు, మనకు వెంటనే తెలుస్తుంది. ఏజెంటు మాత్రం రెండు అంగల్లో దాటించేసి, ఎవరూ చూడని కోడుకు ‘డన్’ ముద్ర వేయగలదు. పైగా మీ ఖాతాతో అనుసంధానిస్తే హిస్టరీలో పడేది మీ పేరే. అందుకే వెతుకులాట, వ్యాఖ్యల ముసాయిదా దానికి అప్పగిస్తాను. స్టేటస్ జోలికి వెళ్లేముందు జాబితా చూపించి అనుమతి అడగమంటాను.