హాల్లోకి మాకింగ్‌బర్డ్ బొమ్మ కావాలి: కేట్స్‌బీ, ఆడుబాన్, పీటర్సన్, పోస్టల్ స్టాంపు... ఏది మేలు?

మా అమ్మాయికి నాలుగో క్లాసులో టెక్సస్ స్టేట్ సింబల్స్ ప్రాజెక్ట్ ఇచ్చారు. పెద్ద అట్ట మీద పక్షి, పువ్వు, చెట్టు అన్నీ అతికించాలి, పక్షంటే ఇక్కడ మాకింగ్‌బర్డ్, 1927 నుంచి అదే. నెట్‌లో ఒక ఫోటో వెతికి ప్రింట్ కొట్టేస్తే అయిపోయేది, కానీ ఫోటో వద్దు, ఎవరైనా గీసిన బొమ్మే పెట్టాలి అని టీచర్ చెప్పారంట. ప్రాజెక్ట్ రెండు రోజుల్లో అయిపోయింది, నాకు పట్టిన పిచ్చి మాత్రం రెండు నెలలు వదల్లేదు. పైగా హాల్లో ఒక గోడ ఖాళీగా ఉంది, ఇల్లు కొన్నప్పటినుంచి అలాగే ఉంది.

మాకింగ్‌బర్డ్ ఎలా ఉంటుందో తెలీనివాళ్ళకి: రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ పెరట్లో ఫెన్స్ మీద దాన్ని మొదటిసారి చూసి "గోరింకలా ఉందిరా, కాకపోతే ముక్కూ కాళ్ళూ పసుపు లేవు, తోక పొడుగు" అంది. కరెక్టే, ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్లమచ్చ కనపడ్డం కూడా అచ్చం గోరింకలాగే. మిగతా ఒళ్ళంతా బూడిద రంగు. చూడ్డానికి ఏమీ ఉండదు, దాని గొప్పంతా గొంతులోనే, పది పక్షుల కూతలు వరసగా పెడుతుంది, అర్ధరాత్రి కూడా ఆపదు, పక్కింటి కారు అలారం మోగుతోందనుకుని నేను కిటికీ దగ్గరకెళ్ళి చూసిన రోజులున్నాయి. ఇలాంటి సాదా పక్షిని బొమ్మగా గీయడం కష్టం, అందుకే పోల్చడానికి మంచిది అనిపించింది నాకు. నెమలినైతే ఎవరు గీసినా బావుంటుంది కదా.

మొదట కేట్స్‌బీ, అమెరికా పక్షుల్నీ మొక్కల్నీ బొమ్మలేసి పుస్తకంగా తెచ్చిన ఇంగ్లిషాయన. ఇంగ్లండ్ నుంచి 1712లో వర్జీనియా వచ్చాడు, తర్వాత 1722లో మళ్ళీ వచ్చి కారొలైనా, ఫ్లోరిడా, బహామాస్ వైపు తిరిగాడు. చెక్కించడానికి డబ్బుల్లేక రాగి రేకుల మీద గీయడం తనే నేర్చుకున్నాడు, 220 బొమ్మలు, 1729లో మొదలెట్టి 1740ల దాకా అచ్చేస్తూనే ఉన్నాడు. "నేను పెయింటర్‌గా పెరిగినవాణ్ణి కాదు, దూరం దగ్గర చూపించడంలో తప్పులుంటాయి, కానీ చెట్టూ పక్షీ అర్థమవడానికి చదునుగా ఉన్నదున్నట్టు గీయడమే మంచిది" అని ముందుమాటలో తనే రాసుకున్నాడు. ఆయన మాకింగ్‌బర్డ్ తెల్లపూల డాగ్‌వుడ్ కొమ్మ మీద ఉంటుంది. పక్షి కొంచెం బిగుసుకుపోయినట్టే ఉంటుంది నిజమే, గోడకి అతికించిన అట్టబొమ్మలా, కానీ కొమ్మని చూడండి, పక్షికి ఇచ్చినంత చోటు చెట్టుకీ ఇచ్చాడు. పక్షినీ మొక్కనీ ఒకే కాగితం మీద కలిపి చూపించడం ఆయన అలవాటు, చాలాచోట్ల అది తినే మొక్కే పెడతాడు. ఒక్కోసారి నవ్వొస్తుంది కూడా, ఫ్లెమింగో తల వెనకాల ఎండిన చెట్టు ఉందే అనుకుంటాం, అది చెట్టు కాదు, సముద్రం అడుగున కొమ్మలుగా పెరిగే పగడం జాతి! సైజుల లెక్క అసలు ఉండదు. అయినా జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ చాలా అమెరికా పక్షులకి పేర్లు పెట్టింది ఈ బొమ్మలు చూసే.

ఇంక ఆడుబాన్, అమెరికా పక్షుల బొమ్మలకి పేరుపడ్డ చిత్రకారుడు. ఇక్కడే నేను ఎక్కువ టైమ్ పోగొట్టుకున్నాను. 1827 నుంచి 1838 దాకా 435 బొమ్మలు, కాగితం దాదాపు 26 ఇంటూ 39 అంగుళాలు, ఎందుకంటే ప్రతి పక్షీ అసలు సైజులోనే ఉండాలని పట్టు, అందుకే ఫ్లెమింగో లాంటి పొడుగు పక్షులు మెడ కిందకి వంచి కాగితంలో ఇమిడినట్టు ఉంటాయి. అప్పుడే తుపాకీతో కాల్చి తెచ్చిన పక్షిని తీగలతో గళ్ళ చెక్క మీద బతికున్నట్టు నిలబెట్టి, ఆ గళ్ళ లెక్కనే కాగితం మీదకి ఎక్కించేవాడు. మాకింగ్‌బర్డ్‌ది 21వ బొమ్మ, ఇది మామూలు బొమ్మ కాదు బాబోయ్. పసుపు జెస్సమిన్ తీగ అల్లుకున్న చెట్టు, మధ్యలో గూడు, గూట్లోకి ర్యాటిల్‌స్నేక్ అనే విషప్పాము నోరు తెరుచుకుని వచ్చేసింది, నాలుగు పక్షులు దానిమీద విరుచుకుపడుతున్నాయి. ఒక పక్షైతే పాము నోటికి ఎంత దగ్గరగా ఉంటుందంటే చూస్తుంటే మనమే వెనక్కి జరుగుతాం. అప్పట్లో దీనిమీద పెద్ద గొడవయ్యింది, ర్యాటిల్‌స్నేక్ చెట్టెక్కడమేంటి అని తిట్టిపోశారు, అరుదుగా ఎక్కుతాయని తర్వాత ఒప్పుకోవాల్సొచ్చింది.

బూడిదరంగు పక్షికి కథ పెట్టి నిలబెట్టాడు చూడండి, అదీ ఆయన టాలెంట్. చాలా బొమ్మల్లో మొక్కలు ఆయనవి కాదు, జోసెఫ్ మేసన్ అనే కుర్రాడు, తర్వాత జార్జ్ లీమన్, మరియా మార్టిన్ లాంటివాళ్ళు గీశారు, పేరు మాత్రం ఒక్కడికే. ఇంకో సంగతి, ఈయన బానిసల్ని కొని అమ్మిన మనిషి, ఆ కారణంగా ఆయన పేరున్న పక్షుల సంఘం పేరు మార్చాలా అని చర్చ జరిగి 2023లో వద్దనుకున్నారు, సియాటిల్ వాళ్ళలాంటి కొన్ని స్థానిక శాఖలు మాత్రం మార్చేసుకున్నాయి. ఇవన్నీ తెలిశాక కూడా బొమ్మ మీంచి చూపు తిప్పుకోలేం, అదే ఇబ్బంది. పూర్తి సెట్ ఒకటి 2010లో లండన్ వేలంలో 73 లక్షల పౌండ్లకి పోయింది, మనకి మాత్రం ఆ సంఘం సైట్‌లో 435 బొమ్మలూ ఫ్రీగా డౌన్‌లోడ్ దొరుకుతాయి. ప్రింట్‌కి ఇచ్చేముందు ఫ్రేమ్ చూసుకోండి, నేను ఫుల్ సైజ్ ప్రింట్ కొట్టించి తెచ్చాను, కొన్న రెడీమేడ్ ఫ్రేమ్ 24 ఇంటూ 36, పట్టలేదు.

పీటర్సన్ సంగతి పూర్తిగా వేరు. 1934లో పాతికేళ్ళ కుర్రాడు, పక్షిని చంపక్కర్లేదు, దూరం నుంచి గుర్తుపడితే చాలు అని చేత్తో పట్టుకునే సైజులో పుస్తకం వేశాడు, మొదట 2000 కాపీలే. అందులో బొమ్మలు అందం కోసం కాదు, ఒకే పోజులో వరసగా నిలబెట్టి, ఎక్కడ చూడాలో అక్కడ చిన్న గీత పెడతాడు, అంతే. మాకింగ్‌బర్డ్‌ని ష్రైక్ అనే పక్షితో పొరబడతాం, రెండూ బూడిదే, రెండిటికీ రెక్కల్లో తెలుపే. ష్రైక్‌కి కంటికి అడ్డంగా నల్లగంత కట్టినట్టు ఉంటుంది, ముక్కు కొస కొక్కెంలా వంగి ఉంటుంది. ఈ రెండూ తెలిస్తే చాలు, జన్మలో మళ్ళీ తప్పు చేయం. 1960లో టెక్సస్ ప్రభుత్వం కోసం ప్రత్యేకంగా టెక్సస్ పక్షుల పుస్తకం కూడా చేసిచ్చాడు. గోడకి పెట్టుకునేది కాదు ఇది, వంటింటి కిటికీ దగ్గర ఉండాల్సింది. మా ఇంట్లో ఉన్న కాపీకి ఆల్రెడీ పప్పు మరక అయ్యింది.

స్టాంపులు: 1982 ఏప్రిల్‌లో అమెరికా పోస్టల్ వాళ్ళు 50 రాష్ట్రాల పక్షి, పువ్వు కలిపి 20 సెంట్లవి 50 వేశారు, పక్షులు ఆర్థర్ సింగర్, పువ్వులు ఆయన కొడుకు ఆలన్ సింగర్. తండ్రీకొడుకులు ఒకే స్టాంపులో చెరిసగం పనిచేయడం నాకు భలే నచ్చింది. ఇందులో తమాషా ఏంటంటే మాకింగ్‌బర్డ్ ఐదు రాష్ట్రాల పక్షి కాబట్టి ఐదుసార్లు వస్తుంది, టెక్సస్‌లో బ్లూబానెట్ పువ్వుతో, ఫ్లోరిడాలో నారింజ పువ్వుతో, మిసిసిపీలో మాగ్నోలియాతో, అర్కన్సాలో ఆపిల్ పువ్వుతో, టెనెసీలో ఐరిస్‌తో. అదే పక్షిని ఐదుసార్లు వేయాల్సొస్తే ఏం చేస్తాడా అని చూడ్డమే సరదా. కార్డినల్ అనే పక్షికైతే ఏడు రాష్ట్రాలు! కాకపోతే సైజు చిన్నది, ఫ్రేమ్ కట్టించినా దగ్గరకెళ్ళి కళ్ళజోడు సర్దుకుని చూడాలి.

స్కూల్ ప్రాజెక్ట్‌కి అయితే కళ్ళుమూసుకుని స్టాంపే, పక్షీ పువ్వూ రెండూ ఒకేచోట వచ్చేస్తాయి, రాష్ట్రం పేరు కూడా దానిమీదే ఉంటుంది. పక్షిని గుర్తుపట్టడానికి పీటర్సన్, ఇందులో వాదన లేదు. అసలు పోటీ గోడ కోసం కేట్స్‌బీకి ఆడుబాన్‌కి మధ్యే, నా ఓటు ఆడుబాన్‌కే, ఫ్రేమ్ కూడా కొత్తది ఆర్డర్ పెట్టేశాను.

అమ్మ ప్రింట్ విప్పి చూసి "పాము బొమ్మ హాల్లో పెడతార్రా ఎవరైనా, పెద్దవాళ్ళు వచ్చి ఏమనుకుంటారు" అంది. ఇది ప్రపంచంలోనే పేరున్న బొమ్మమ్మా అన్నాను. "అయితే నీ ఆఫీసు రూములో పెట్టుకో, తలుపు వెనకాల." మా ఆవిడ కూడా అత్తగారి పార్టీయే. సో ఆడుబాన్ తలుపు వెనక్కి వెళ్ళాడు, హాల్లోకి కేట్స్‌బీ డాగ్‌వుడ్ వచ్చింది, అది నెట్‌లో బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో స్కాన్ దొరికింది, ఫ్రేమ్‌లో సరిగ్గా పట్టింది కూడా. వచ్చినవాళ్ళందరూ పక్షిని వదిలేసి ఆ తెల్లపూలు ఏంటండీ అని అడుగుతున్నారు.