కొబ్బరి పాదుల్లో అజోస్పైరిల్లం: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మాది కోనసీమ. తోటలో ఎక్కువ భాగం పాత పొడుగు రకం చెట్లు, ఒక పక్క గోదావరి గంగ అనే సంకర రకం. అజోస్పైరిల్లం అనే బాక్టీరియా ఉండే ఈ జీవన ఎరువు పొడి వాడొచ్చా అని అడిగేవాళ్లకు నా మాట ఒకటే: తప్పకుండా వాడండి, కానీ యూరియాకు తోడుగానే, బదులుగా కాదు.

ఇది జనుములో ఉండే రైజోబియం బాక్టీరియాలాగా వేళ్లకు బుడిపెలు కట్టదు. లేత వేరు మీదా, లోపలి సందుల్లోనూ ఉండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. వేరు పెరుగుదలకు పనికొచ్చే హార్మోన్లూ వదులుతుంది. నాకు కళ్లారా కనిపించింది ఈ రెండో పనే. పాదు అంచున తవ్వితే ఒకప్పుడు ముదిరిన ఎర్రవేళ్లే ఉండేవి. ఇప్పుడు తెల్లటి కొసలున్న పిల్లవేళ్లు గెత్తం (పశువుల ఎరువు) ముద్దల్లోకి చొచ్చుకుపోతున్నాయి. గెత్తానికీ ఇందులో వాటా ఉంది, కాదనను. కొబ్బరికి నూగువేళ్లు ఉండవు కనుక ఈ పిల్లవేళ్లే దాని నోరు.

చెట్టుకు 50 గ్రాముల అజోస్పైరిల్లం, నేలలోని భాస్వరాన్ని కరిగించి ఇచ్చే ఫాస్ఫోబాక్టీరియా 50 గ్రాములు, ఆరునెలలకోసారి. బాగా చివికిన గెత్తంలో కలిపి, నీళ్లు చిలకరించి, తడి గోనె కప్పి కొన్నాళ్లు నీడన ఉంచుతాం. తర్వాత మొదలు చుట్టూ ఆరడుగుల మేర పాదులో వేసి, మట్టి కప్పి, పైన ఎండుమట్టలు పరుస్తాం. యూరియా వేసే రోజుకీ దీనికీ నెల ఎడం ఉండాల్సిందే. నేలలో నత్రజని దండిగా ఉంటే ఈ బాక్టీరియా గాలిలోది పట్టడం మానేస్తుంది.

తర్వాతి దింపుకే కాయ పెరగాలని చూడకండి. మొవ్వులో పుట్టిన పూగెల బయటికొచ్చి విచ్చుకోవడానికే రెండున్నరేళ్లు దాటుతుంది, ఆపైన కాయ ముదరడానికి మరో ఏడాది. మాకు ముందు మట్టల్లో పసుపు తగ్గింది, గెలల్లో తేడా చాలా ఆలస్యంగా తెలిసింది. ఏడాదికి చెట్టుకు చెప్పే 500 గ్రాముల నత్రజని కోసం కిలో పైచిలుకు యూరియా వేసేవాణ్ని. అందులో పావు వంతు తగ్గించినా ఆకు రంగు చెడలేదు. పొటాష్ మాత్రం పిసరంత కూడా తగ్గించలేదు, మీరూ తగ్గించొద్దు.

ఒండ్రు నేలలో దీని పనితనం బాగుంది. ఇసుక మెరక మీద, వేసవిలో తడి ఆగని చోట, డబ్బు దండగే. తెల్లదోమకు కూడా ఇది మందు కాదు, ఎవరు చెప్పినా నమ్మకండి.

కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. ఒక దుకాణంలో ప్యాకెట్లు ఎండలో పడి ఉంటే నేను వెనక్కిచ్చేశాను, ఆ వేడికి అందులోని జీవం చచ్చిపోతుంది.