కిట్ కారు కట్టాను: కారు ధర వదిలేయండి, చిల్లర సామాను ధర చెప్తాను

కిట్ కారు అంటే విడిభాగాలు డబ్బాల్లో వస్తే ఇంట్లో మనమే కట్టుకునేది. కారు గురించి ఒక్క ముక్కలో చెప్పేస్తా, బాగుంది. పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు లోటస్ సెవెన్ వాలకంలో ఉండే రెండు సీట్ల కారు, ఇంజనూ గేర్‌బాక్సూ పాత మాజ్దా ఎంఎక్స్-5 నుంచి తీసినవి. బరువెంత, పవరెంత అన్నది కొనేవాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. ఇంగ్లండులో కోవెంట్రీ దగ్గర మా ఇంటి సింగిల్ గ్యారేజీలో కట్టడానికి 26 నెలలు పట్టింది, రోడ్డెక్కి ఏడాదిన్నర అయింది.

నా బాధ వేరే. డ్రిల్ బిట్లు, రివెట్లు, గ్లోవ్స్, సీలెంటు, బ్రేక్ క్లీనరు, ఉప్పు కాగితం, మాస్కింగ్ టేపు, ఇలా వాడి పారేసే సామానుకి నాకు అక్షరాలా 1,640 పౌండ్లు అయింది. కిట్ ఆర్డర్ చేసిన రోజు ఎక్సెల్ షీట్‌లో "ఇతరాలు" అన్న గడిలో 150 అని వేసుకున్నాను. ఆ గడి ఇప్పటికీ దిద్దలేదు.

కిట్‌లో బోల్టు ఒక్కటి తిప్పకముందే 300 దాటింది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఇరవై ఏళ్ళ కారు కింద నుంచి విప్పిన ఏ ఇనుప ముక్కైనా తుప్పుతోనే వస్తుంది. సస్పెన్షన్ ఆర్ములు గీకడానికి వైర్ బ్రష్‌లు, తుప్పు మందు, ప్రైమరు, పెయింటు, మధ్యలో డబ్బాలకు డబ్బాలు గ్లోవ్స్. ఒక్కో జత గంట కూడా నిలవదు. నూనెలు వేరే లెక్క. ఇంజన్‌కి సుమారు 4 లీటర్లు, గేర్‌బాక్సుకి 2, డిఫరెన్షియల్‌కి 1, ఆపైన కూలెంటు. బ్రేక్ ఫ్లూయిడ్ అయితే గాలిలో తేమ పీల్చేస్తుంది, మూత తీసి నెలల తరబడి ఉంచింది మళ్ళీ పొయ్యకూడదు. నా బ్రేక్ పైపుల చివరలు మూడుసార్లు కారాయి, మూడుసార్లూ కొత్త సీసానే.

ధర కన్నా నాకు మండేది విడిగా అమ్మకపోవడం. మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుంది. అక్కడ పాతిక రివెట్లు కావాలంటే పక్క సందులోకి కుర్రాణ్ణి పంపితే పాతికే తెస్తాడు, చేతులు తుడుచుకునే బనియన్ వేస్ట్ కిలోల లెక్కన వస్తుంది, సగం వాడిన సీలెంటు ట్యూబు సాయంత్రానికి పక్క షెడ్డులో ఎవరికో పనికొస్తుంది. ఇక్కడ నాకు పన్నెండు రివెట్లు తక్కువైతే 500 డబ్బా కొనాలి, లేదా రివెట్ల కన్నా పోస్టేజీ ఎక్కువ పెట్టి చిన్న ప్యాకెట్ తెప్పించుకోవాలి.

ఇక సీలెంటు. ఈ సమీక్ష రాయడానికి కారణమే అది.

జనవరిలో ఒక ఆదివారం. చాసిస్‌ని తలకిందులుగా స్టాండ్ల మీద పెట్టి, అడుగున అల్యూమినియం షీటు బిగించాలి. ముందు చతురస్రపు ఇనుప పైపుల మీద పాలియూరిథేన్ సీలెంటు గీతలా వేసుకుంటూ పోవాలి, దాని మీద షీటు పెట్టి రివెట్లు కొట్టాలి. అది అతుకుతుంది, నీళ్ళు రానివ్వదు, అల్యూమినియం ఇనుముకి నేరుగా తగిలి కొరుక్కుపోకుండా కూడా కాపాడుతుంది. నాలుగు ట్యూబులు పడతాయని లెక్క వేసుకున్నా. కొత్తవి మూడు, నెల క్రితం సగం వాడింది ఒకటి, సరిపోయాయి అనుకున్నా. చలికి సీలెంటు బిగుసుకుపోయి ట్యూబు ఎక్కించి నొక్కే గన్ నొక్కలేక చచ్చాను, ట్యూబుల్ని వేడినీళ్ళ బకెట్లో పెట్టి తీసి వాడాను. మూడూ అయ్యేసరికి పైపుల్లో నాలుగో వంతు ఇంకా మిగిలింది. పాత ట్యూబు ఎక్కించి నొక్కాను, రాలేదు. మేకు పెట్టి నాజిల్ పొడిచాను, రాలేదు. ఇంకా గట్టిగా నొక్కితే వెనక నుంచి పగిలి గన్ నిండా, నా చొక్కా చేతుల నిండా నల్లటి జిగురు. ఇది గాలిలో తేమ తగిలితేనే గట్టిపడే సరుకు, ముందు భాగమంతా నెల రోజుల్లో రబ్బరు బిళ్ళ అయిపోయింది, నేను చూసుకోలేదు.

టైము మూడూ నలభై. ఇంగ్లండులో ఆదివారం పెద్ద షాపులు మొత్తమ్మీద ఆరు గంటల సేపటికి మించి తెరవకూడదు, మా దగ్గరివన్నీ నాలుక్కి మూసేస్తారు. ఆ జిగురు చేతులతోనే స్టీరింగ్ పట్టుకుని పోయాను, వెళ్ళేసరికి షట్టర్ సగం దిగింది. తిరిగొచ్చి చూస్తే వేసిన గీతల మీద మీగడ కట్టినట్టు పొర కట్టేసింది. ఇక దాని మీద షీటు పెట్టినా అతకదు. రాత్రి పదకొండు దాకా గీకుతూ కూర్చున్నాను, గీకుతుంటే కింద పైపుల మీది పౌడర్ కోటింగ్ పెయింటు కూడా లేచింది. ఆ ఆదివారం బిల్లు: మళ్ళీ నాలుగు ట్యూబులు 36, ఎసిటోన్ 12, గ్లోవ్స్ 9, గీతలు పడ్డచోట ప్రైమరూ పెయింటూ 21, మొత్తం 78 పౌండ్లు. తొమ్మిది పౌండ్ల ట్యూబు ఒకటి తక్కువైనందుకు. మా ఆవిడ ఏమీ అనలేదు, చొక్కా మాత్రం తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసింది.

డ్రిల్ బిట్ల సంగతిలో మాత్రం అనుకోని మేలు జరిగింది. ఆ షీటుకే 180 రంధ్రాలు, 4.8 మిల్లీమీటర్ల రివెట్‌కి 4.9 బిట్టు కావాలి, మామూలు సెట్లో అది ఉండనే ఉండదు. వారానికి రెండు మూడు బిట్లు కాలిపోయేవి. ఒకరోజు వీడియో కాల్‌లో చూసి బాబాయి, "ఏరా, డ్రిల్లు వేస్తున్నావా, పొయ్యి రాజేస్తున్నావా? స్పీడు తగ్గించు, చుక్క నూనె వెయ్యి, బరువు మోపి నొక్కు" అన్నాడు. మొద్దుబారినవి పారేస్తున్నానని చెబితే నిజంగానే కోప్పడ్డాడు. సెకండ్ హ్యాండ్ గ్రైండరు 25 పౌండ్లకి తెచ్చుకుని, ఓ ఇరవై బిట్లు పాడు చేశాక పదును పెట్టడం వచ్చింది. ఆ తర్వాత కారు పూర్తయ్యేదాకా కొన్నది ఐదే కోబాల్ట్ బిట్లు. 3.3 లాంటి సన్నవి మాత్రం ఇప్పటికీ నా వల్ల కాదు, అవి పారేస్తున్నా, బాబాయికి చెప్పకండి.

మొదటి ఆర్నెల్లలో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో "కిట్‌లో అన్నీ వస్తాయి, స్పానర్లుంటే చాలు" అని గొప్పగా చెప్పాను. రివెట్లు వచ్చిన మాట నిజమే. లెక్కపెట్టి వచ్చాయి, ఒక్కటి వంకరపోయినా ఇంకోటి లేదు. నట్లు కూడా అంతే, లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్‌లు ఒకసారి బిగించి విప్పితే మళ్ళీ వాడకపోవడం మంచిదని అప్పటికి నాకు తెలీదు, అన్నీ రెండుసార్లు కొన్నట్టే. చివర్లో ఐవీఏ టెస్టు, అంటే ఇలా ఇంట్లో కట్టిన కారుని రోడ్డెక్కనిచ్చే ముందు ప్రభుత్వం చేసే తనిఖీ. బయట మనిషికి తగిలే అంచులకి కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రదనం ఉండాలి, దానికోసం రబ్బరు అంచులు, ప్లాస్టిక్ నట్ క్యాపులు మీటర్లకి మీటర్లు, సంచులకి సంచులు. రెండు బోల్టు చివర్లకి క్యాపు మర్చిపోయి మొదటిసారి తప్పాను, అది నా తప్పే.

మరి కట్టమంటానా అంటే, నాకైతే గ్యారేజీ ఉంది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఈఎంఐ అయిపోయింది. అద్దె ఇంట్లో ఉండి, శని ఆదివారాల్లోనే కుదిరేవాళ్ళు కిట్ ధరలో కనీసం నాలుగో వంతు ఈ చిల్లరకి పక్కన పెట్టుకుంటే మంచిది. నాకన్నా నేర్పున్నవాళ్ళకి అందులో సగమే కావచ్చు.

4.8 రివెట్లు ఇంకా 300 పైన ఉన్నాయి, గ్లోవ్స్ రెండు డబ్బాలు. కోవెంట్రీ చుట్టుపక్కల ఎవరైనా కడుతుంటే వచ్చి తీసుకెళ్ళండి. సీలెంటు మాత్రం అడగొద్దు, మూత తీసినవే ఉన్నాయి.