గ్రెనడా నుంచి ట్రినిడాడ్‌కి: పడవలో ఒక రాత్రి

జూన్ వచ్చిందంటే కరీబియన్‌లో పడవ మీద కాపురముండే వాళ్ళందరిదీ ఒకటే గొడవ, తుఫానుల కాలం ఎక్కడ గడపాలని. గ్రెనడా 12 డిగ్రీల అక్షాంశం మీద ఉంటుంది. అక్కడికి తుఫాన్లు రావడం తక్కువే కానీ, 2004లో ఐవన్ వచ్చి దీవిని ఊడ్చి పెట్టేసింది. ట్రినిడాడ్ ఇంకా దక్షిణాన, 11 డిగ్రీల లోపే. పైగా మా 38 అడుగుల పడవకి అడుగున రంగు వేయించాలి. అందుకని 2023 జూన్‌లో ఆ దారి పట్టాం.

అప్పటికి నెలన్నరగా గ్రెనడా దక్షిణపు ఒడ్డున ప్రిక్లీ బేలో ఉంటున్నాం. నీళ్ళు శుభ్రం, డింగీ అనే చిన్న పడవలో ఐదు నిమిషాలకి ఒడ్డు. పక్కనే ట్రూ బ్లూలో సెయింట్ జార్జెస్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీ ఉంది కాబట్టి బస్సులో అప్పుడప్పుడు మన భాష కూడా చెవిన పడుతుంది. ఒకసారి ఇద్దరమ్మాయిలు ఆవకాయ అయిపోయిందని తెగ బాధపడుతుంటే మాట కలపకుండా ఉండలేకపోయాను. ప్రిక్లీ బేతో వచ్చిన చిక్కల్లా సముద్రపు అల లోపలికి రావడమే. రాత్రంతా పడవ అటూ ఇటూ ఉయ్యాలే. ఉయ్యాల మొదటి వారం ముద్దుగానే ఉంటుంది.

ట్రినిడాడ్‌లోని చాగురామస్‌కి అక్కడినుంచి దాదాపు 80 నాటికల్ మైళ్ళు, అంటే ఇంచుమించు 150 కిలోమీటర్లు. పగలు బయలుదేరితే చీకట్లో చేరతాం. తెలియని రేవులోకి చీకట్లో వెళ్ళకూడదు కాబట్టి అందరూ సాయంత్రమే లంగరెత్తుతారు. మేమూ ఐదింటికి ఎత్తాం. నేను మధ్యాహ్నమే పులిహోర కలిపి డబ్బాకెత్తాను. అలల్లో స్టవ్ దగ్గర నిలబడటం నావల్ల కాదు, అల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నా సరే.

నిజానికి నా భయం అలల గురించి కాదు. 2015 చివర్లో ఈ దారిలో యాట్‌లను తుపాకులతో అడ్డగించిన సంఘటనలు జరిగాయి. అవి చదివినప్పటినుంచి టెన్షనే. బయలుదేరే టైము, వెళ్ళే దారి ముందే ట్రినిడాడ్ కోస్ట్ గార్డుకి ఈమెయిల్ చేశాం. కొందరు దీపాలు ఆర్పేసి వెళ్తారు. మా ఆయన ఒప్పుకోలేదు. "దొంగలు వస్తారో రారో గానీ, ఓడలు మాత్రం ఖాయంగా వస్తాయి" అన్నారు. నాకూ అదే సబబనిపించింది.

తూర్పు గాలి 15 నాట్లు, అంటే గంటకి 15 నాటికల్ మైళ్ళు. ఎడమ పక్కనుంచి నిలకడగా వీస్తుంటే పడవ ఆరు నాట్ల వేగంతో కదిలింది. పెద్ద తెరచాపని ఒక మడత తగ్గించి కట్టాం. ఇక్కడి ప్రవాహం ఎప్పుడూ పడమటికే తోస్తుంది. నేరుగా గురిపెడితే తెల్లారేసరికి వెనెజులా వైపు తేలతాం. అందుకే వెళ్ళాల్సిన చోటికి కాస్త తూర్పుకే ముక్కు పెట్టి నడపాలి.

కాపలా మూడు గంటల చొప్పున వంతులు. చంద్రుడు దిగిపోయాక ఎదురుగా దక్షిణాన వృశ్చికం తోకతో సహా కనిపించింది. వెనక్కి తిరిగితే ధ్రువ నక్షత్రం కాకినాడలో మా మేడ మీదనుంచి చూసినదానికన్నా బాగా కిందికి, గ్రెనడా మబ్బుల్లో దాక్కుంది.

నా వంతులోనే దక్షిణాన ఒక వెలుగు మొదలైంది. గంట గడిచినా దగ్గర పడలేదు.

"ఏమండీ, ఇదేం ఊరండీ, నడిసముద్రంలో?"

"హిబిస్కస్. గ్యాస్ తీసే ప్లాట్‌ఫామ్. దాన్ని కుడివైపు వదిలెయ్" అని మళ్ళీ పడుకున్నారు.

రెండింటికి దాన్ని దాటాం. పెళ్ళి పందిరికి వేసిన లైట్లలా ఉంది. ఎవరూ మా వైపు రాలేదు.

అసలు గండం తెల్లారాక ఎదురైంది. ప్రధాన దీవికీ మోనోస్ దీవికీ మధ్య బోకా డి మోనోస్ అనే ఇరుకు దారి. కొండల చాటున గాలి చచ్చిపోయింది. ఒరినోకో నది నీళ్ళు కలిసి సముద్రం ఆకుపచ్చగా మారింది. ప్రవాహం మమ్మల్ని బయటికి నెడుతోంది. ఇంజిన్ వేసిన పది నిమిషాలకి అలారం. వెనక గొట్టంలోంచి నీళ్ళు రావట్లేదు. ఇంజిన్‌ని చల్లబరిచే పంపులో రబ్బరు చక్రం ఉంటుంది, ఇంపెల్లర్ అంటారు. మూత విప్పి చూస్తే ఆరు రెక్కల్లో మూడు లేవు. మిగిలినవి ఎండిన నేరేడు తొక్కల్లా వంకర్లు పోయి ఉన్నాయి. గ్రెనడాలో ఒక మెకానిక్ పదిరోజుల క్రితం కొత్తది వేశానని బిల్లు తీసుకున్నాడు. పేరెందుకులెండి. ఎదురుగా నిలబడి చూడకపోవడం మా తప్పే. మా ఆయన చెమటలు కక్కుతూ దాన్ని మార్చిన అరగంటసేపూ నేను ముందువైపు తెరచాపతో పిల్లగాలులు పట్టుకుంటూ పడవని రాళ్ళకి దూరంగా ఉంచాను. దొంగల కోసం రాత్రంతా కళ్ళు కాయలు కాసేలా చూసినదాన్ని, రబ్బరు ముక్క గురించి ఒక్కసారైనా అనుకోలేదు.

చాగురామస్‌లో ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఒకేచోట. ఫారాలు బోలెడు, కానీ మర్యాదగా మాట్లాడారు. ఆఫీసులో ఒకావిడ మా పాస్‌పోర్టులు చూసి, తన ముత్తవ్వ "మద్రాసీ" అని చెప్పింది. ఇక్కడికి మన దేశపు కూలీలతో మొదటి ఓడ, ఫాటెల్ రజాక్, 1845 మే 30న కలకత్తా నుంచి వచ్చింది. ఆ తర్వాత కొన్ని మద్రాసు రేవునుంచీ వచ్చాయి. దక్షిణాది మూలాలున్న వాళ్ళకి ఆ పేరే నిలిచిపోయింది. ఏ ఊరో ఆవిడకి తెలియదు.

బయటికి రాగానే డబుల్స్ తిన్నాం. పసుపు కలిపిన మెత్తటి చిన్న పూరీలు రెండు, మధ్యలో సెనగల కూర, పైన చింతపండు పచ్చడి. కాగితంలో పెట్టి చేతికిస్తారు, కూర మోచేతి దాకా కారుతుంది. "స్లైట్" అంటే కారం కొంచెమే వేస్తారు. గుంటూరు కారం తిన్న ధీమాతో నేను ఆ మాట అనలేదు. అనాల్సింది.

పడవ పనులకైతే చాగురామస్‌కే నా ఓటు. పనివాళ్ళు దొరుకుతారు, సామాను దొరుకుతుంది. ఉండటానికి మాత్రం కాదు. లంగరు వేసే చోట నూనె తెట్టు, వచ్చే పోయే పడవల కుదుపు, దోమలు. పడవని గట్టు మీద పెట్టాక వేడికి లోపల ఉండలేం. యార్డులో కిటికీ ఏసీ అద్దెకిస్తారు, పైకప్పు తలుపుకి బిగించుకోవాలి. మేం మొదటి రెండు రాత్రులు పిసినారితనానికి పోయి వద్దన్నాం. మూడోరోజు పొద్దున్నే నేనే వెళ్ళి డబ్బు కట్టొచ్చాను. తిరిగొచ్చేటప్పుడు ఇంపెల్లర్లు కూడా కొన్నాను, మూడు.