డాక్టరమ్మకి ఐదు స్టార్లు, రిసెప్షన్‌కి ఒకటే

మొత్తానికి నాలుగు ఇస్తున్నా. మాది గుంటూరు. ప్రెగ్నెన్సీ ఏడో వారంలో పొద్దున్నే బాత్రూంలో ఎర్రగా కనిపించేసరికి కాళ్లు ఆడలేదు, పోయినేడు ఒకటి పోయింది కదా, ఇదీ అంతే అనుకుని ఆటోలో ఏడ్చుకుంటూ వచ్చా. రిసెప్షన్ అమ్మాయి హాల్లో అందరికీ వినపడేలా "బ్లీడింగా మేడమ్, ఎన్ని ప్యాడ్లు మార్చారు" అని అడిగింది, పక్కన మగాళ్లున్నారు. మళ్లీ టోకెన్ 31 అంట, గంటన్నర కూర్చోబెట్టారు. ఎక్కువ పోతున్నవాళ్లని, కళ్లు తిరుగుతున్నవాళ్లని, ఒకపక్కే పొత్తికడుపు పొడుస్తున్నవాళ్లని ఇలా కూర్చోబెడితే ఎలా అండీ, ట్యూబులో ప్రెగ్నెన్సీ అయితే ప్రాణం మీదకొస్తది.

లోపలికెళ్లాక మాత్రం వేరే లోకం. ఫామ్ ఎఫ్ (కడుపులో ఆడా మగా చూడకూడదన్న చట్టం కింద స్కాన్‌కి ముందు నింపే కాగితం) మీద సంతకం పెట్టించుకుని లోపల్నించి స్కాన్ చేశారు. మానిటర్ నా వైపు తిప్పి, బియ్యపుగింజంత దాన్లో మిణుకుమిణుకుమంటున్నది చూపించి "ఇదేనమ్మా గుండె, 138 కొట్టుకుంటోంది" అన్నారు. సంచి పక్కన చిన్న రక్తపు గడ్డ ఉందట, బ్లీడింగ్ దానివల్లే కావచ్చన్నారు. మొదటి మూడు నెలల్లో నలుగురిలో ఒకరికి దాకా ఇలా బ్లీడింగ్ కనపడుతుందంట, గుండె కొట్టుకోవడం కనపడ్డాక ఎక్కువమందికి నిలబడుతుందంట, కానీ గ్యారంటీ ఇవ్వలేనని కూడా మొహం మీదే చెప్పారు, అదే నాకు నచ్చింది.

మా అత్తయ్యేమో నువ్వు బొప్పాయి తిన్నావ్, బండెక్కావ్ అని మొదలుపెట్టారు. డాక్టరమ్మ ఆవిడ్ని లోపలికి పిలిచి ఇందులో అమ్మాయి తప్పేం లేదు, ఇలా పోయేవాటిలో చాలావరకు పిండంలోనే క్రోమోజోముల తేడా ఉంటుంది అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో బొప్పాయి మాటే లేదు! మంచం దిగొద్దని కూడా అన్లేదు, బెడ్ రెస్ట్‌తో ఆగుతుందనడానికి ఆధారం లేదంట. నాకు ముందు ఒకటి పోయింది కాబట్టి గర్భం నిలబడ్డానికి ఇచ్చే హార్మోన్ మందు ప్రొజెస్టిరాన్ 400 ఎంజీ రోజుకి రెండుసార్లు లోపల పెట్టుకునేది రాశారు, బ్లీడింగ్ అయిన ప్రతివాళ్లకీ అది పెద్దగా ఉపయోగం ఉండదట. బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ (తల్లి రక్తం బిడ్డ రక్తానికి ఎదురు తిరగకుండా ఇచ్చేది) సంగతి చూడాలి అని అదీ అడిగారు, నాది బి పాజిటివ్.

ఇలా బ్లీడింగ్ అయినవాళ్లకి నెలలు నిండకముందే కాన్పు, బరువు తక్కువ పుట్టడం కొంచెం ఎక్కువంట, అందుకే చివర్లో గ్రోత్ స్కాన్లు గట్టిగా చూశారు. 38 వారాలకి పాప, 2.7 కేజీలు. డాక్టర్ గారూ, ఇది చదివితే ఆ కౌంటర్ దగ్గర ఒక కర్టెనన్నా వేయించండి ప్లీజ్.