పాలకొల్లు పక్క పల్లెలో బడ్జెట్ గేమింగ్ పీసీ: 2023 నుంచి వాడాక రాస్తున్న సమీక్ష

ముందే చెప్పేస్తా. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు జత 1080పీలో (ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద) ఆడేవాళ్లకి ఇప్పటికీ బాగానే సరిపోతోంది, పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది. కానీ ఈ సిస్టమ్ ఇన్నాళ్లూ పెద్ద రిపేరు లేకుండా నిలబడిందంటే ఆ పుణ్యం ఎక్కువగా ఎస్ఎంపీఎస్‌ది (పార్టులకి కరెంటు మార్చి ఇచ్చే డబ్బా), ఎర్తింగ్‌ది, గాలి ఆడే క్యాబినెట్‌ది. యూట్యూబ్‌లో బిల్డ్ వీడియోలు చేసేవాళ్లు చాలామంది ఏసీ గదిలో, నిలకడగా ఉండే కరెంటు మీద టెస్ట్ చేసి ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తాయన్న) లెక్కలు చెబుతారు. మన దగ్గర ఉప్పుగాలి, ఉక్కపోత, రొయ్యల చెరువుల లోడు, కొబ్బరి పీచు దుమ్ము, ఏటా ఏదో ఒక తుపాను. ఏ పార్టుకి ఎంత పెట్టాలన్న లెక్క ఇక్కడ వేరేగా ఉంటుంది.

2023 వేసవిలో నేను పెట్టింది సుమారుగా ఇదీ: ప్రాసెసర్ 12 వేలు, గ్రాఫిక్స్ కార్డు 22 వేలు, బీ550 మదర్‌బోర్డు 7 వేలు, 16 జీబీ ర్యామ్ మూడున్నర వేలు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ నాలుగున్నర, ఎస్ఎంపీఎస్ నాలుగున్నర, క్యాబినెట్ మూడున్నర. మొత్తం 57 వేలు. మానిటర్, యూపీఎస్ దీనికి అదనం. కొన్ని ఆన్‌లైన్‌లో తెప్పించాను, కొన్ని నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లినప్పుడు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే అందరూ సీటీసీ అనేదాంట్లో, తీసుకున్నాను. అక్కడ నాలుగు షాపులు తిరిగి రేటు అడిగితే బేరం దానంతట అదే కుదురుతుంది. బిల్లు మాత్రం జీఎస్టీతో, సీరియల్ నంబరు రాయించి తీసుకోండి, వారంటీకి అదే ఆధారం.

ఇక ఎస్ఎంపీఎస్ సంగతి. మన పక్క టౌన్ల షాపుల్లో క్యాబినెట్‌తో పాటు కలిపి ఇచ్చే ఎస్ఎంపీఎస్ ఒకటి ఉంటుంది, మీద 450 వాట్లు అని రాసి ఉంటుంది, ధర వెయ్యి రూపాయలు కూడా ఉండదు. "ఏం పర్లేదండి, అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు" అంటారు. ఆఫీసు పనికి, బిల్లింగ్ కంప్యూటర్‌కి అది సరిపోతుందేమో గానీ గ్రాఫిక్స్ కార్డు పెట్టే సిస్టమ్‌కి వద్దు. మీద రాసిన వాట్లు కాదు, పక్కన స్టిక్కర్ మీద 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చదవండి. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్టుల లైను మీదే. మంచి 550 వాట్ల దాంట్లో అక్కడ 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు. చవక దాంట్లో 14, 16 అని ఉంటుంది, 12తో గుణిస్తే 200 వాట్లు కూడా రావు. ఆర్ఎక్స్ 6600 ఒక్కటే 132 వాట్ల కార్డు, ఆ పైన ప్రాసెసర్ ఉంది.

అదే స్టిక్కర్ మీద ఇంకో లైను ఉంటుంది, దాన్ని దాదాపు ఎవరూ చూడరు. ఇన్‌పుట్ అని రాసి కొన్నింటి మీద 200–240 వోల్టులు అని, కొన్నింటి మీద 100–240 వోల్టులు అని ఉంటుంది. రెండింటి మీదా కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉండొచ్చు. మన వైపు తీసుకోవాల్సింది రెండోదే. ఎందుకంటే చెరువుల్లో రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతుంది, వెలుతురు లేక నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారుచేయదు, దాంతో రైతులు పొద్దుపోయాక మొదలుపెట్టి తెల్లారే దాకా నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆడిస్తారు. సరిగ్గా మనం గేమ్ పెట్టుకుని కూర్చునే టైమ్ అదే. ఆ లోడుకి మా వీధి చివరి ఇళ్లలో వోల్టేజ్ 180కి దిగిన రాత్రులు నేను మల్టీమీటర్‌తో చూశాను. 100–240 రకం ఆ వోల్టేజ్‌ని పట్టించుకోకుండా నడిపించేస్తుంది. 200–240 రకం ఆఫ్ అయిపోవచ్చు, అప్పుడు కార్డు పాడైందేమో అని మీకు టెన్షన్.

యూపీఎస్ విషయంలో పొదుపు చేయొద్దు. నా సిస్టమ్ గేమ్ ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి 250 వాట్ల చుట్టుపక్కల లాగుతోంది, అంటే నాలుగు గంటల ఆటకి ఒక యూనిట్ కరెంటు. 600 వీఏ యూపీఎస్ అంటే చాలావరకు 360 వాట్లే, కాగితం మీద సరిపోయినట్టు కనిపిస్తుంది గానీ బ్యాటరీ కొంచెం పాతబడగానే కరెంటు పోయిన మరుక్షణం కుయ్యిమని ఆగిపోతుంది. 1000 వీఏ పైన తీసుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకునేవాళ్లు దాని వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, ఆ మోడ్‌లో మారడం వేగంగా జరుగుతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అవ్వదు. కానీ అదే మోడ్‌లో కొంచెం లో వోల్టేజ్ వచ్చినా బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది, కాబట్టి వోల్టేజ్ బాగా ఆడే ఇళ్లలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఇంకోటి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉన్న మంచి ఎస్ఎంపీఎస్‌లతో దానికి పడకపోవచ్చు, సైన్ వేవ్‌ది చూసుకోండి.

ఎర్తింగ్ గురించి ఎవరూ రాయరు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తా. పాత పెంకుటిళ్లలో, ఆ మాటకొస్తే పాతికేళ్ల కిందటి డాబాల్లో కూడా, మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది గానీ పై రంధ్రానికి వెనకాల వైరు ఉండదు. అలాంటి చోట ఇనుప క్యాబినెట్ మీద చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమంటుంది. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, ఆ కొద్దిపాటి లీకేజీ భూమిలోకి పోవాలి, దారి లేకపోతే క్యాబినెట్ రేకు మొత్తం మెయిన్స్‌లో సగం వోల్టేజ్ మీద తేలుతూ ఉంటుంది. వచ్చే కరెంటు చాలా తక్కువే. అయినా ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబుల్, యూఎస్‌బీలు పీకి పెడుతుంటే పోర్టులు పోయే అవకాశం ఉంది, పైగా నిజంగా ఏదైనా షార్ట్ అయితే కాపాడేది ఆ ఎర్త్ వైరే. మన నేలలో తడి పైనే ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా దొరుకుతుంది, అది మనకున్న అదృష్టం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గొయ్యి తీయించి, బొగ్గు, ఉప్పు వేయించి, పైపు దింపించి, ఆ వైరు కంప్యూటర్ బోర్డు దాకా లాగించండి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఇనుప పైపు త్వరగా తుప్పు పడుతుంది, రాగి పూత రాడ్డు కొంచెం ఖరీదైనా అదే వేయించుకోండి. నేను ఈ పని కంప్యూటర్ రాకముందే చేయించాను.

క్యాబినెట్ దగ్గర ముందువైపు అద్దం ఉన్నవి వద్దు, జాలీ ఉన్నది తీసుకోండి. లైట్లు ఎన్ని వెలిగాయన్నది అనవసరం. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, అంతే. మే నెలలో మధ్యాహ్నం సీలింగ్ ఫ్యాన్ కింద ఆడితే నా కార్డు 75 డిగ్రీలు దాటుతుంది, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడెక్కే చోటు) 90 దగ్గరికి వెళ్తుంది. ఆ స్థాయి కార్డుకి ఇబ్బంది కాదు గానీ ఫ్యాన్ల మోత పెరుగుతుంది. దానికి ఖర్చులేని మందు ఒకటుంది: ఎఫ్‌పీఎస్‌కి హద్దు పెట్టడం. 165 దాకా వదిలేయకుండా కథ నడిచే గేములకి 75 దగ్గర కట్టేస్తే వేడీ తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది, కంటికి పెద్ద తేడా తెలీదు.

దుమ్ము మాత్రం ఒప్పుకోవాల్సిన కష్టమే. కొబ్బరి డొక్క ఒలిచే చోటు, పీచు ఆడే చోటు దగ్గర్లో ఉంటే ఆ సన్నటి పొట్టు జాలీకి అట్ట కట్టేస్తుంది. నెలకోసారి ఫిల్టర్ దులపండి, రెండు మూడు నెలలకోసారి బ్లోయర్ కొట్టండి, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని ఆపండి. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లొద్దు, ఆ గాలితో పాటు నీటి తుంపర కూడా వస్తుంది. వెనక ఖాళీగా ఉన్న స్లాట్లకి రేకులు తప్పకుండా బిగించండి. వెచ్చగా ఉంటుందని బల్లులు, చీమలు అటు నుంచే దూరతాయి.

తేమ గురించి ఒక్క అనుభవం. 2024 వానాకాలంలో కొన్నాళ్లు ఆన్ చేయకుండా వదిలేశాక స్క్రీన్ రాలేదు. ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి పెడితే వచ్చేసింది. అప్పటి నుంచి వానాకాలంలో ఆడినా ఆడకపోయినా రోజూ కాసేపు ఆన్ చేసి ఉంచుతున్నా, లోపల వెచ్చబడితే తేమ నిలవదు. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు ముందు రోజే ప్లగ్గులు, ఇంటర్నెట్ వైరు అన్నీ పీకేసి క్యాబినెట్‌ని బల్ల మీదకి ఎక్కించాను. కరెంటు తిరిగి వచ్చిన మొదటి గంట వోల్టేజ్ ఎటు పోతుందో తెలీదు, అది కుదురుకున్నాకే పెట్టాను.

ఇప్పుడు అసలు పార్టులు. 5600 ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. చాలామంది 5600జీ కొంటారు, అందులో సొంత గ్రాఫిక్స్ ఉంటుంది కదా అని. కార్డు ఇప్పట్లో కొనలేం అనుకుంటేనే అది. కార్డు పెట్టేవాళ్లకి 5600 మేలు, ఎల్3 క్యాషే (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, జీలో 16 మాత్రమే, పైగా జీ పీసీఐఈ (ప్రాసెసర్‌కీ కార్డుకీ మధ్య డేటా దారి) 3.0 దగ్గరే ఆగుతుంది. ఆర్ఎక్స్ 6600 వాడేది ఎనిమిది లేన్లే కాబట్టి 4.0 ఉంటే ఇంకొంచెం నయం. ఇంటెల్ వైపు ఐ5 12400ఎఫ్ కూడా దీనికి సమానమే, ఆ రోజు ఏది తక్కువకి వస్తే అది తీసుకోవచ్చు. బీ450 బోర్డు తీసుకునేవాళ్లు డబ్బా మీద రైజెన్ 5000 రెడీ అన్న స్టిక్కర్ చూడండి, పాత బయాస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే 5600ని అది గుర్తించదు. అప్‌డేట్ చేయడానికి పాత ప్రాసెసర్ కోసం ఊరంతా తిరగాలి.

ఆర్ఎక్స్ 6600 మీద నా తీర్పు: 1080పీకి మంచి కార్డు, రే ట్రేసింగ్‌కి (వెలుగు నీడల్ని నిజంలా లెక్కగట్టే పద్ధతికి) కాదు. వాలరెంట్ 200 పైన ఆడుతుంది, జీటీఏ 5 సెట్టింగులు పెంచినా వంద దాటుతుంది, సైబర్‌పంక్ 2077 ఎఫ్ఎస్ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఏఎండీ పద్ధతి) పెట్టుకుంటే 60 దగ్గర హాయిగా ఉంటుంది. 8 జీబీ మెమరీ ఇప్పుడు ఇరుకవుతోంది, కొత్త గేముల్లో టెక్స్చర్లు మీడియంకి దించుతున్నా. అయినా 2023లో నాకు ఆరేడు వేలకి ఇస్తామన్న పాత ఆర్ఎక్స్ 580 కంటే ఇదే సరైనది అని ఈ మధ్య ఇంకా గట్టిగా తెలిసింది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేము రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కార్డుల మీద అసలు నడవదు, దానికి ఏఎండీ వైపు కనీసం అడిగేదే ఆర్ఎక్స్ 6600.

ర్యామ్ 8+8 రెండు ముక్కలుగా పెట్టాలి, ఒకటే 16 పెడితే డ్యుయల్ ఛానల్ రాదు, ఎఫ్‌పీఎస్ తగ్గుతుంది. బయాస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి, లేకపోతే 3200 అని కొన్నది తక్కువ వేగంతోనే నడుస్తుంది. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి. విండోస్‌లో రిఫ్రెష్ రేట్ 60 మీదే ఉండిపోతుంది, మార్చుకోవాలి. ఎన్‌వీఎంఈ 1 టీబీ కంటే తక్కువ తీసుకోవద్దు, వంద జీబీ గేములు మామూలైపోయాయి.

సెకండ్ హ్యాండ్ కార్డులు కొనేవాళ్లకి: 2022 సెప్టెంబరులో ఎథీరియం (క్రిప్టో కరెన్సీ) మైనింగ్ ఆగిపోయాక మైనింగ్ కార్డులు బోలెడు బయటికి వచ్చాయి, అవి ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. మైనింగ్ చేసిందా లేదా అన్నదాని కంటే మన వైపు చూడాల్సింది తుప్పు. స్క్రూలు గోధుమ రంగులోకి తిరిగినా, హీట్‌సింక్ రేకుల మీద తెల్లటి పొడి కనిపించినా సముద్రపు గాలి తిన్న కార్డు అది, వదిలేయండి. బాగుందనిపిస్తే మీ ముందే ఫర్‌మార్క్ (కార్డు మీద పూర్తి లోడు వేసే టెస్టు) కాసేపు నడిపించమనండి.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి పరిస్థితి మారింది. ఏఐ డేటా సెంటర్ల కొనుగోళ్ల వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగిపోయాయి, నేను మూడున్నర వేలకి కొన్నది ఆ ధరకి మళ్లీ దొరుకుతుందనుకోవద్దు. పాత డీడీఆర్4 ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం ఇందుకు దారి, పాత పార్టుల్లో తక్కువ రిస్కు దానికే, మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ టెస్టు ఒక రాత్రి నడిపితే మంచిదో కాదో తేలిపోతుంది. మా బాబాయి కొడుకు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడికి నేను 5600, వాడిన ర్యామ్, కొత్త ఎస్ఎంపీఎస్ చెప్పాను. కార్డుగా ఇంటెల్ ఆర్క్ బీ580 అడిగాడు, 12 జీబీ ఉంది కదన్నయ్యా అని. 12 జీబీ మంచిదే గానీ 5600 లాంటి ప్రాసెసర్ల మీద కొన్ని గేముల్లో దాని పనితీరు పడిపోతుందని 2025 మొదట్లో టెస్టుల్లో తేలింది, బయాస్‌లో రీసైజబుల్ బార్ అనే సెట్టింగు కూడా ఆన్‌లో ఉండాలి. అందుకని ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ దాకా ఆగి డబ్బు కూడబెట్టమన్నాను. నా తర్వాతి కార్డు కూడా అదే. 160 వాట్లది, ఒకే 8 పిన్ కేబుల్‌తో నడిచే మోడళ్లు ఉన్నాయి కాబట్టి నా 550 వాట్ల ఎస్ఎంపీఎస్ అలాగే ఉంచుకుని కార్డు ఒక్కటే మారుస్తా.