కంప్యూటర్ బేసిక్స్ పేపర్: ఏళ్ల తర్వాత ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

డిగ్రీ మొదటి ఏడాదిలో దాదాపు అన్ని గ్రూపుల వాళ్లకూ ఉండే పేపర్ ఇది. పేరు కాలేజీని బట్టి మారుతుంది. కంప్యూటర్ ఫండమెంటల్స్ అంటారు, కంప్యూటర్ అప్లికేషన్స్ అంటారు, కొన్నిచోట్ల ఐటీ బేసిక్స్ అంటారు. లోపల సరుకు మాత్రం ఇంచుమించు ఒకటే: కొంచెం చరిత్ర, కొంచెం హార్డ్‌వేర్, బైనరీ లెక్కలు, ఆఫీస్ ప్యాకేజీ, డేటాబేస్, నెట్‌వర్క్‌లు, చివర్లో కాస్త ప్రోగ్రామింగ్. చదువయ్యాక నా ఉద్యోగమంతా జాబితాలు, లెక్కలు, రిపోర్టుల మీదే నడుస్తోంది. కాబట్టి ఆ సిలబస్‌లో ఏ ముక్క నిలబడిందో, ఏది పరీక్ష హాల్లోనే రాలిపోయిందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. మెనూల గురించి నేర్పిందంతా పాతబడిపోయింది. డేటా మెషీన్ లోపల ఎలా ఉంటుందో చెప్పిన ఆ కాస్త భాగమే ఇప్పటికీ రోజూ పనికొస్తోంది.

మొదటి యూనిట్ చూసి చాలామంది నీరుగారిపోతారు. కంప్యూటర్ తరాలు, వాక్యూమ్ ట్యూబులు, ట్రాన్సిస్టర్లు, ఐసీలు... అన్నీ బట్టీ పట్టడమే. ఇన్‌పుట్ పరికరాల కింద లైట్ పెన్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం. బయట దాన్ని ఇంతవరకూ నేను చూడలేదు. నిజానికి చరిత్రలో చెప్పుకోదగ్గ విషయం ఒకటుంది. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ అనే తొలి తరం కంప్యూటర్‌లో దాదాపు 18 వేల ట్యూబులు ఉండేవి. కొత్త లెక్క చేయించాలంటే కేబుళ్లు పీకి మళ్లీ గుచ్చాల్సి వచ్చేది. ప్రోగ్రామ్‌ను కూడా డేటాలాగే మెమరీలో పెట్టేద్దాం అన్న ఆలోచన వచ్చాకే ఇప్పటి కంప్యూటర్ పుట్టింది. ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెబితే యూనిట్ మొత్తానికి ప్రాణం వచ్చేది. మాకు మాత్రం ‘ఎనియాక్ పూర్తి రూపం రాయండి’ అని రెండు మార్కుల ప్రశ్న ఇచ్చారు.

రెండో యూనిట్ దగ్గర కథ మారింది. బైనరీ, హెక్సాడెసిమల్ మార్పిడులు చేస్తున్నంతసేపూ ఇవన్నీ ఎందుకా అనిపిస్తుంది. మాకు ల్యాబ్ చెప్పిన మేడమ్ ఒకే ఫైల్‌ను రెండు మూడు ఎన్‌కోడింగ్‌లలో (అక్షరాలను సంఖ్యలుగా దాచే పద్ధతుల్లో) తెరిపించి చూపించారు. ఇంగ్లిష్ వాక్యం ఎలా తెరిచినా చెక్కుచెదరలేదు. తెలుగు వాక్యం ఒకచోట పిచ్చి అక్షరాలుగా, ఇంకోచోట ప్రశ్నార్థకాలుగా కనిపించింది. ఆస్కీ అనే పాత ఎన్‌కోడింగ్‌లో ఉన్నవి 128 గుర్తులే, అందులో ఇంగ్లిష్ అక్షరాలు సరిపోతాయి. తెలుగుకు, ఎన్నో భాషల అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో విడిగా 128 స్థానాల చోటు కేటాయించారు. ఆ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో అందులోని ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ఆవిడ బోర్డు మీద ‘క్షి’ అని రాసి ఇది ఎన్ని బైట్లు అని అడిగారు. కంటికి ఒకే అక్షరం. లోపల క, పొల్లు, ష, గుడి, మొత్తం నాలుగు గుర్తులు. అంటే 12 బైట్లు.

ఉద్యోగంలో చేరాక ఈ పాఠం ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో. తెలుగులో రాసిన పేరు ఫారంలో ఎక్కదు, ‘చాలా పొడవుగా ఉంది’ అని ఎర్ర అక్షరాల్లో వస్తుంది. చూస్తే పేరు చిన్నదే. ఆ కాలమ్ పరిమితి బైట్లలో పెట్టారు, అంతే. సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసి రాసిన పట్టిక) తెరవగానే పేర్లన్నీ పిచ్చి అక్షరాలైతే ‘ఫైల్ పాడైపోయింది, మళ్లీ పంపండి’ అని అందరూ టెన్షన్ పడతారు. ఫైల్‌కు ఏమీ కాదు. యూటీఎఫ్-8 అని చెప్పి ఇంపోర్ట్ చేస్తే పేర్లు వాటంతట అవే సరిగ్గా కనిపిస్తాయి. ఆఫీసులో ఈ చిన్న విషయానికే నన్ను పెద్ద నిపుణుడిలా చూస్తారు!

ఇక స్ప్రెడ్‌షీట్. ఈ పేపర్‌లో అన్నిటికంటే విలువైనది ఇదే, అన్నిటికంటే పైపైన చెప్పిందీ ఇదే. 1979లో విసికాల్క్ అనే ప్రోగ్రామ్‌తో మొదలైన ఈ పనిముట్టు మీద ఇప్పుడు ఎన్ని ఆఫీసులు బతుకుతున్నాయో వేరే చెప్పక్కర్లేదు. మాకు నేర్పింది మొత్తం, సగటు, ఇఫ్, ఒక చార్టు. ఫార్ములాను కిందికి లాగినప్పుడు కదలకుండా ఉండాల్సిన సెల్‌కు డాలర్ గుర్తు పెట్టాలన్నది మాత్రం బాగా నేర్పారు, ఆ పుణ్యం వాళ్లదే. ఉద్యోగంలో పదేపదే ఎదురైన చిక్కులు మాత్రం అసలు సిలబస్‌లోనే లేవు.

ఉదాహరణకు 16 అంకెల నంబర్ ఏదైనా మామూలు సెల్‌లో టైప్ చేయండి. ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుంటుంది కాబట్టి చివరి అంకె సున్నా అయిపోతుంది. హెచ్చరిక కూడా రాదు. సున్నాతో మొదలయ్యే కోడ్ అయితే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. సెల్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి ఉంటే ఏ గొడవా లేదు. టైప్ చేశాక మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. తేదీలదీ ఇలాంటి వ్యవహారమే. లోపల తేదీ అంటే ఒక మామూలు సంఖ్య, 1900 జనవరి 1 అంటే 1. అందుకే ఒక తేదీలోంచి ఇంకో తేదీని తీసివేస్తే రోజుల లెక్క వస్తుంది. అందుకే అప్పుడప్పుడు తేదీ ఉండాల్సిన చోట ఐదంకెల సంఖ్య కనిపించి జనం కంగారుపడతారు. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 1900 లీపు సంవత్సరం కాదు, అయినా ఎక్సెల్‌లో ఆ ఏడాది ఫిబ్రవరి 29 ఉంటుంది. అంతకుముందు రాజ్యమేలిన స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ లోటస్ 1-2-3తో లెక్కలు కుదరాలని ఆ తప్పును తెలిసే అలాగే ఉంచేశారు.

ఇవేవో చిన్నా చితకా విషయాలు అనుకునేవాళ్లకు రెండు సంగతులు చెబుతాను. ఎక్సెల్‌లో పేరు టైప్ చేయగానే తేదీగా మారిపోతోందని 2020లో కొన్ని మానవ జన్యువుల పేర్లనే శాస్త్రవేత్తలు మార్చుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కరోనా కేసులు కొన్ని రోజుల పాటు లెక్కలోకే రాలేదు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో షీటుకు 65,536 అడ్డు వరుసలే పడతాయి, ఆపైన వచ్చినవి చప్పుడు లేకుండా జారిపోయాయి. కొత్త ఫార్మాట్‌లో పరిమితి 10,48,576. మాకు పరీక్షలో అడిగింది ‘ఎక్సెల్ లక్షణాలు వివరించండి’.

ఒక లిస్టులోని విలువను వెతికి దాని పక్క వివరం తెచ్చే వీలుకప్ ఫంక్షన్ గురించి కూడా ఒక మాట. చివరి ఆర్గ్యుమెంట్ వదిలేస్తే అది సరిగ్గా సరిపోయే విలువ కోసం కాక దగ్గరి విలువ కోసం చూస్తుంది. లిస్టు వరుస క్రమంలో లేకపోతే ఒకరి వివరాలు ఇంకొకరి పక్కన చేరతాయి, చూడ్డానికి మాత్రం షీటు చక్కగా ఉంటుంది. ఈ ఫంక్షన్ నేర్పే ఏ క్లాసులోనైనా మొదట చెప్పాల్సింది ఇది.

వర్డ్ ప్రాసెసింగ్‌కు చాలా గంటలు ఇచ్చారు, దక్కింది తక్కువ. ఏ మెనూలో ఏ ఆప్షన్ ఉంటుందో వరుసగా రాయించారు. ఆఫీస్ 2007లో రిబ్బన్ (పైన ఉండే బటన్ల పట్టీ) వచ్చి ఆ మెనూలనే లేకుండా చేసింది, మా నోట్సులో అవి ఆ తర్వాత కూడా బతికే ఉన్నాయి. మెయిల్ మెర్జ్ (ఒకే ఉత్తరాన్ని లిస్టులోని ఒక్కో పేరుతో విడిగా తయారు చేసేది) మాత్రం ఇప్పటికీ వాడుతున్నాను. హెడింగ్ స్టైల్స్ గురించి ఒక్క గంట చెప్పారు, ఆ గంట కోర్సు ఫీజుకు సరిపోతుంది. స్టైల్స్ పెట్టిన రిపోర్టుకు విషయసూచిక దానంతటదే తయారవుతుంది. పెట్టనిదాంట్లో ఒక పేజీ కలిస్తే నంబర్లన్నీ చేత్తో మార్చుకుంటూ కూర్చోవాలి. ప్రజెంటేషన్ల యూనిట్ గురించి చెప్పడానికేమీ లేదు, అక్షరాలు ఎగిరొచ్చే యానిమేషన్లు నేర్చుకున్నాం.

డేటాబేస్ యూనిట్ చిన్నదే, కానీ ప్రైమరీ కీ (ఒక్కో రికార్డును వేరుగా గుర్తించే విలువ) అన్న ఆలోచన ఒక్కటి బుర్రలో పడితే చాలు. ఒకే పేరున్న మనుషులు ఇద్దరుంటారు. ఒకే మనిషి పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట పొడి అక్షరాలతో, మరోచోట చివర్లో కంటికి కనిపించని ఖాళీతో ఉంటుంది. పేరును నమ్ముకుని రెండు లిస్టులు కలిపితే అంతే సంగతులు. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త కాడ్ ప్రతిపాదించిన, డేటాను పట్టికలుగా అమర్చే రిలేషనల్ నమూనా నిర్వచనం మాతో రాయించారు. ఈ చిక్కుకు జవాబు అందులో ఉందని చెప్పి ఉంటే నిర్వచనం దానంతటదే గుర్తుండేది.

నెట్‌వర్క్‌లలో ఓఎస్ఐ (నెట్‌వర్క్ పనిని అంచెలుగా విడదీసే నమూనా) ఏడు పొరలు వరుసగా అప్పజెప్పాం. ల్యాబ్‌లో చేయించిన పింగ్ (అవతలి మెషీన్ జవాబిస్తుందో లేదో చూసే కమాండ్) మాత్రం పనికొచ్చింది. నెట్ రావట్లేదంటే మొదట సైట్ పేరు కాకుండా ఒక ఐపీ అడ్రస్‌కు (మెషీన్ చిరునామా నంబర్‌కు) పింగ్ కొట్టి చూస్తాను. దానికి జవాబు వచ్చి, పేరుతో తెరుచుకోకపోతే తేడా చాలావరకు డీఎన్ఎస్‌లోనే, అంటే సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే వ్యవస్థలోనే. కేబుల్ పీకి పెట్టడాలు, మోడెమ్ ఆపి వేయడాలు అక్కర్లేదు.

భద్రత విషయంలో ఈ పేపర్‌కు పాస్ మార్కులు కూడా వేయను. వైరస్‌కూ వార్మ్‌కూ తేడా అడుగుతారు. నకిలీ లాగిన్ పేజీని ఎలా పసిగట్టాలి, రెండంచెల లాగిన్ ఎలా పెట్టుకోవాలి, బ్యాకప్ ఒకే చోట ఎందుకు ఉంచకూడదు, వీటి ఊసే లేదు. ప్రోగ్రామింగ్‌కు మిగిల్చింది సెమిస్టర్ చివరి వారాలు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 ఎందుకు వస్తుందో ఒక స్నేహితుడు అడిగితే రెండో యూనిట్‌కు వెళ్లి వెతికాం. దశాంశంలో 1/3 తెగనట్టే బైనరీలో 0.1 తెగదు. జవాబు పుస్తకంలోనే ఉంది. పరీక్షకు ముఖ్యం కాదని ఆ పేజీ క్లాసులో వదిలేశారు, అంతే.

చేరాలా వద్దా అంటే, చేరమనే చెబుతాను, ఒక షరతుతో. ల్యాబ్ గంటలు థియరీ గంటల్లో కనీసం సగమైనా ఉన్నాయా, ఒక్కో సిస్టమ్ దగ్గర ఎంతమందిని కూర్చోబెడతారు అని ముందే కనుక్కోండి. మాకు ఇద్దరికో సిస్టమ్. మౌస్ ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉండేది, రెండోవాళ్లు రికార్డు రాసేవారు. ఇప్పటికే ఆఫీస్ ప్యాకేజీ బాగా వచ్చినవాళ్లు ఆ యూనిట్లు దాటేసి, బైనరీ, ఎన్‌కోడింగ్, డేటాబేస్ క్లాసులకు మాత్రం తప్పకుండా వెళ్లండి. ల్యాబ్‌లో ఇచ్చే శుభ్రమైన పది పేర్ల టేబుల్‌తో సరిపెట్టుకోకండి. తప్పులున్న పెద్ద లిస్టు ఒకటి, తేదీలు నాలుగు రకాలుగా రాసి ఉన్నది, అడిగి తీసుకుని దాని మీద పని చేయండి. ఇవ్వకపోతే మీరే తయారు చేసుకోవచ్చు, దానికి కష్టపడక్కర్లేదు. ఒకే లిస్టును నలుగురు స్నేహితుల చేత విడివిడిగా టైప్ చేయిస్తే సరి.